బొద్దు అక్షరానికి తమ్ముడని పేరు

ఈసారి ఎపిసోడ్‌లో బోర్డుల మీద అక్షరాల గురించి మాట్లాడాను. నైట్ షిఫ్ట్‌లో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

సైబర్‌జయ 1997 మే 17న ప్రారంభమైన ఊరు. ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కట్టుబడి నడుస్తూనే ఉంటుంది. సైట్ గేటు దగ్గర పెద్ద అక్షరాలతో 'అవాస్' అని ఉంటుంది. మలయ్‌లో జాగ్రత్త అని అర్థం. కొత్తగా దిగిన మనోళ్లకి ఆ మాట వింటే ప్రభుత్వం ఇచ్చే ఇల్లు గుర్తొస్తుంది! అందుకే పక్కన తెలుగులో కూడా ఒక ముక్క ఉండాలి. మరి ఏ అక్షరంతో?

ఐటీఐలో డ్రాయింగ్ నేర్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గీత అంతా ఒకే మందం, చివర్లకు తోకలుండవు. గుండ్రటి మొన పెన్ను కాబట్టి గీత కూడా గుండ్రంగానే ఆగుతుంది. ఆ అక్షరాన్ని లావు చేస్తే అదే బోల్డ్ రౌండెడ్ సాన్స్ సెరిఫ్. 1979లో ఫోక్స్‌వ్యాగన్ తన కోసం ఇలాంటిది చేయించుకుంది, పేరు వీఏజీ రౌండెడ్. దాని సన్న రకమే తర్వాత చాలా ఏళ్లు ఆపిల్ కీబోర్డుల మీద కనిపించింది.

మనకి గుండ్రం కొత్త కాదు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే తెలుగు అక్షరం వంపు తిరిగిందని పెద్దలు చెబుతారు. చిక్కంతా లావు దగ్గరే. కాలమ్‌లో రాడ్లు మరీ దగ్గరగా కడితే కాంక్రీట్ దిగదు కదా, ఇదీ అంతే. లావు చేసేకొద్దీ లోపలి ఖాళీ పూడిపోతుంది. 'థ'లో చుక్క కలిసిపోతే దూరం నుంచి 'ద'కీ దానికీ తేడా తెలియదు. పైన గుడి, కింద వత్తు, అన్నిటికీ చోటు కావాలి.

2013లో తయారైన 'రామభద్ర'ని సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చింది. అది హెడ్డింగులకి, పోస్టర్లకి పనికొచ్చే మందమైన అక్షరం. 2016లో ముంబై సంస్థ ఏక్ టైప్ 'బాలూ' తెచ్చింది. భాలూ అంటే హిందీలో ఎలుగుబంటి. అక్షరం కూడా అలాగే బొద్దుగా ఉంటుంది. తెలుగుది 'బాలూ తమ్ముడు', తమిళంది తంబి, మలయాళంది చేట్టన్, పంజాబీది పాజీ, బెంగాలీది దా. సైట్‌లో మనం ఒకరినొకరు పిలుచుకునే పిలుపులే! ఇది కూడా ఉచితమే. తర్వాతి వెర్షన్‌లో ఐదు మందాలు ఇచ్చారు.

ముద్దుగా ఉండే అక్షరం హెచ్చరికకి ఎందుకని కొందరంటారు. భయం చెప్పడానికి ఎరుపు, పసుపు ఉన్నాయి. అక్షరం చదవడానికొస్తే చాలు. 'పైన పని జరుగుతోంది', 'బెల్టు హుక్కు తగిలించు' లాంటి మూడు నాలుగు మాటలకే వాడండి. పేరా మొత్తం దీంతో కొడితే కళ్లు అలిసిపోతాయి, ఎవరూ చదవరు.

ప్రింట్ తీశాక గోడకి అంటించి, పొద్దుగూకే వేళ పది అడుగులు వెనక్కి రండి. మీకంటే తక్కువ చదువుకున్న ఒకరిచేత చదివించండి. క్రేన్ కింద నడిచేది అతనే. తడుముకున్నాడంటే మందం తగ్గించి మళ్లీ ప్రింట్ తీయండి, అతన్ని మాత్రం ఏమీ అనకండి.