వైద్యనీతి పరిశోధనలో ప్రథమ కర్తవ్యము

వైద్యశాస్త్రము రోగి కొరకు పుట్టినది. అయినను పరిశోధనమునందు రోగియే సాధనమాత్రుడైన సందర్భములు చరిత్రలో పెక్కు కలవు. ముందుగా ఏ వ్యాధిని ఎన్నుకొనవలెను? ఎవరి దేహముపై పరీక్ష జరుపవలెను? వారి సమ్మతిని ఏ భాషలో పొందవలెను? ఈ మూడు ప్రశ్నలకు మన దేశము చెప్పుకొన్న సమాధానములే మన వైద్యనీతి చరిత్ర.

1911లో ఏర్పడిన పరిశోధన నిధిసంస్థ 1949లో భారత వైద్య పరిశోధన మండలిగా మారినది. అటుపిమ్మట తెలుగువారు గర్వింపదగిన పరిశోధనమొకటి జరిగినది. శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు తమ సహచరులతో 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో గాయిటరు వ్యాధిపై అధ్యయనము ప్రారంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిను చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును అందించిరి. అయోడిను అందినచోట వ్యాధి తగ్గెను, అందనిచోట తగ్గలేదు. పిదప ఆ భాగమునకును అయోడిను ఉప్పు లభించినది. 1962లో జాతీయ గాయిటరు నివారణ కార్యక్రమము ఆరంభమైనది.

పేదలగు కొండప్రజల వ్యాధిని ఎన్నుకొనుట మొదటి ప్రశ్నకు ఉత్తమమైన సమాధానము. కాని ఒక భాగమువారిని కొన్నేండ్లు మామూలు ఉప్పుతోనే ఉంచుట నేటి నీతిసంఘముల యెదుట తీవ్రచర్చకు లోనగును. ఇట్లు ప్రశ్నించుట ఆ మహోపకారమును తక్కువ చేయుట కాదు.

రామలింగస్వామిగారు మండలికి అధిపతిగా నున్న కాలముననే, 1980లో, జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నాగారి అధ్యక్షతన మొదటి నీతిప్రకటన వెలువడినది. 2000 సంవత్సరపు మార్గదర్శక సూత్రములను రూపొందించిన సంఘమునకు, పూర్వము కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండిన జస్టిస్ ఎం. ఎన్. వెంకటాచలయ్యగారు అధ్యక్షులు. ఆ సూత్రములు 2006లోను, 2017లోను సవరింపబడినవి. మండలియొక్క జీవనీతి విభాగము బెంగుళూరుననే కలదు. జాతీయ జీవనీతి మహాసభలు 2007లోను, 2014లోను ఈ నగరముననే జరిగినవి.

సూత్రములున్నంత మాత్రమున రక్షణ కలుగునా? 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు నివారణ టీకా వేయబడినది. ఆ అధ్యయనమున మండలికిని పాత్ర కలదు. కొందరు బాలికలు మరణించిన వార్తలు వెలువడగా 2010 ఏప్రిల్‌లో అది నిలుపబడినది. మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలినది సమ్మతి లోపము. పరిశీలింపబడిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 పత్రములపై వసతిగృహాధికారుల సంతకములుండెను. 1,948 పత్రములపై వ్రేలిముద్రలు మాత్రమే యుండెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా విమర్శించినది.

కావున జాతీయ వైద్యనీతి పరిశోధనకు ప్రథమ కర్తవ్యము క్రొత్త సూత్రములు వ్రాయుట కాదు. ఉన్న సూత్రము రోగి చెవికి ఎట్లు చేరుచున్నదో పరీక్షించుట. సమ్మతిపత్రము చదివి వినిపించిన పిమ్మట అతనికి ఎంత బోధపడినది? వలదని చెప్పు ధైర్యము కలిగినదా? నీతిసంఘమునందలి సామాన్య సభ్యుని మాట చెల్లుచున్నదా? ఇవి కొలిచి చూడదగిన విషయములు. బెంగుళూరు ఆసుపత్రులకు రాయలసీమనుండి వచ్చు తెలుగు రోగులు అనేకులు. పత్రము కన్నడమునను ఆంగ్లమునను ఉన్నంత మాత్రమున వారికి బోధపడదు. వారి వాడుకమాటలలో సమ్మతిపత్రములు సిద్ధపరచి, అవి వారికి తెలియుచున్నవో లేదో పరిశీలించు పనికి ఈ నగరపు తెలుగు వైద్యులును, భాషావేత్తలును కలిసి పూనుకొనదగును. అర్థముకాని పత్రముపై వ్రేలిముద్ర సమ్మతి కానేరదు.