బొమముడి, ఒక విషం, ఒక మాత్ర

పోయినేడాది హైదరాబాదులో ఒక స్కిన్ క్లినిక్‌లో కూర్చుని ఫారం నింపుతున్నాను. పేరు, వయసు, ఎలర్జీలు. ఆ తర్వాత గడి: ప్రస్తుతం వాడుతున్న మందులు. పెన్ను అక్కడ ఆగింది. అప్పటికి రెండేళ్లుగా రోజూ పొద్దున 10 మిల్లీగ్రాముల ఎసిటాలోప్రామ్ వేసుకుంటున్నాను. ఇంట్లో అమ్మకి తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలీదు. పక్క కుర్చీలో ఆవిడ తన ఫోనులో మునిగి ఉంది, నా ఫారం వైపు చూడనైనా లేదు. అయినా ఆ గడిలో అడ్డగీత గీసేశాను. గీసిన కాసేపటికి నా మీద నాకే చిరాకేసి, పేరు పిలవకముందే లేచి వచ్చేశాను.

వెళ్లింది బోటాక్స్ కోసం. నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలున్నాయి, 11 అంకె వేసినట్టు. మీటింగుల్లో "ఏంటి, కోపంగా ఉన్నావా?" అని అడుగుతారు. అమ్మయితే చిన్నప్పట్నుంచీ "మొహం చిట్లించకే, అలాగే ఉండిపోతుంది" అనేది. అలాగే ఉండిపోయింది. మన కావ్యాల్లో దీన్ని బొమముడి అంటారు, భ్రుకుటి అంటారు, అక్కడ అది కోపానికి గుర్తు. మరి నా విషయంలో అది కోపం కాదు. ఆ సంగతి నాకూ, నా మాత్రలు రాసిచ్చే సైకియాట్రిస్టుకీ తెలుసు.

డిప్రెషన్ మాత్రలు వేసుకుంటూ ఈ ఇంజక్షన్ చేయించుకోవచ్చా? చాలామందికి చేయించుకోవచ్చు, డాక్టరుకి చెప్పి. అంతే జవాబు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది కానీ నేను ఊరుకోలేదు. ఆ అడ్డగీత గుచ్చుతూనే ఉంది. ఈ విషం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఆ మాత్ర ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ రెంటికీ ఎక్కడైనా చుట్టరికం ఉందా అని వెతుక్కుంటూ పోయాను.

విషం కథలో మొదటి మనిషి ఒక కవి. జస్టినస్ కెర్నర్ (1786-1862), జర్మనీ నైరుతి మూల వుర్టెంబర్గ్ రాజ్యంలో జిల్లా వైద్యుడు. ఆయన కవితలకి సంగీతకారుడు షూమన్ 1840లో బాణీలు కట్టాడు. పాడైపోయిన సాసేజ్‌లు, అంటే పేగుల్లో కూరి పొగబెట్టి నిలవ చేసిన మాంసం తిని అక్కడి పల్లెల్లో జనం చచ్చిపోతుండేవారు. కెర్నర్ ఒక్కో రోగి గురించీ వివరాలు రాసిపెట్టుకున్నాడు. 1820లో 76 మంది, 1822 నాటికి 155 మంది. కవి కావడం వల్లో ఏమో, చూసింది చూసినట్టు పట్టుకున్నాడు: నోరు ఎండిపోతుంది, కన్నీళ్లు ఆగిపోతాయి, కనురెప్పలు వాలిపోతాయి, చూపు ఒకటి రెండుగా కనిపిస్తుంది, మలబద్ధకం. మనసు మాత్రం చివరిదాకా తేటగానే ఉంటుంది. ఆ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఆయన ఆ విషాన్ని తన మీదే కొంచెం ప్రయోగించుకుని, నోరెండిపోవడం అనుభవించి మరీ రాశాడు. తుప్పు పట్టిన తీగలో కరెంటు పారనట్టు నరాల్లో కబురు నడవడం లేదని ఊహించాడు. అంతటితో ఆగలేదు. నరాలు అదుపు తప్పి ఒళ్లు ఎగిరెగిరిపడే జబ్బుల్లో ఇదే విషం చుక్క మోతాదులో మందుగా పనికి రావచ్చు అనీ రాశాడు. అది నిజం కావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. బోటులిజం అనే పేరు కూడా ఆ సాసేజ్‌దే. లాటిన్‌లో బోటులస్ అంటే సాసేజ్.

1895లో బెల్జియంలో ఎల్జెల్ అనే ఊళ్లో ఒక అంత్యక్రియలకి వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు హ్యామ్ తిని జబ్బుపడ్డారు, ముగ్గురు పోయారు. ఆ మాంసంలోంచే వాన్ ఎర్మెంగెమ్ బాక్టీరియాను పట్టుకున్నాడు. ఆ తర్వాతి యుద్ధాల రోజుల కథని దాటేస్తాను, అది వేరే వ్యాసం. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచెయ్యడానికి ఈ విషాన్ని వాడటం మొదలుపెట్టాడు. 1989 డిసెంబరులో అమెరికాలో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. బోటాక్స్ అనే పేరు ఆ తర్వాత పెట్టిందే.

నాకు నచ్చే సంవత్సరం 1987. కెనడాలో వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరు, రెప్పలు గట్టిగా మూసుకుపోయే జబ్బున్న ఒకావిడకి ఈ ఇంజక్షన్ ఇస్తోంది. ఈసారి కనుబొమల మధ్య వెయ్యలేదేం అని ఆ పేషెంటు నిష్ఠూరమాడింది. అక్కడ వేస్తే మొహం ప్రశాంతంగా కనిపిస్తోందట. జీన్ భర్త అలస్టేర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి పట్టుకున్నారు, 1992లో పేపరు వేశారు, 2002 ఏప్రిల్లో కనుబొమల మధ్య గీతలకి ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. అదే 1987 డిసెంబరులో ప్రొజాక్‌కి అమెరికాలో ఆమోదం దొరికింది. నా మాత్ర కూడా ఆ కుటుంబానిదే. అంటే రెండూ నా తరం కంటే కాస్త పెద్దవి, అక్కలన్నమాట.

ఇప్పుడు చుట్టరికం సంగతి. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుంది. ఆ విడుదలకి కావలసిన ఒక ప్రొటీన్‌ని ఈ విషం కత్తిరిస్తుంది. కనుబొమల మధ్య ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు వేస్తారు, ఆ కండరం మూడు నాలుగు నెలలు మెత్తబడుతుంది. నా మాత్ర పని చేసేది సెరటోనిన్ మీద. ఒకరిది నుదుటి కండరం, ఒకరిది మెదడు. దారిలో ఎదురుపడే అవసరం లేదు.

పాత మాత్రల కథ వేరు. 1957లో స్విట్జర్లాండులో రోలండ్ కూన్ ఇమిప్రమిన్ గురించి రాశాడు. తర్వాత వచ్చిన అమిట్రిప్టిలిన్ దాని తోబుట్టువు. ఇవి ఒంట్లో అసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడతాయి. వాటి దుష్ఫలితాలు చూడండి: నోరెండిపోవడం, చూపు మసకబారడం, మలబద్ధకం. కెర్నర్ నోట్సు చదువుతున్నట్టే ఉంటుంది! అందుకే బోటాక్స్ పెట్టెలో వచ్చే కాగితంలో ఈ రకం మందులు వాడితే ఆ ప్రభావాలు పెరగొచ్చని హెచ్చరిక ఉంటుంది. ముడతలకి వేసే కొద్ది మోతాదులో అది పెద్ద ఇబ్బంది కావడం అరుదు, కానీ డాక్టరుకి తెలియాలి. అమిట్రిప్టిలిన్‌ని మైగ్రేన్‌కీ నరాల నొప్పికీ కూడా రాస్తారు కాబట్టి, తాము వేసుకునేది ఆ జాతి మందు అని తెలియనివాళ్లు కూడా ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

నా మాత్రతోనూ ఒక చిన్న పేచీ ఉంది. రక్తంలో సెరటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్లలో దాచి ఉంటుంది. అవి దాన్ని సొంతంగా తయారుచేసుకోలేవు, బయటినుంచి లాక్కోవాలి, ఆ లాక్కునే దారినే మాత్ర మూసేస్తుంది. కాబట్టి సూది గుచ్చిన చోట రక్తం కాస్త ఆలస్యంగా గడ్డకట్టి, కమిలిన మచ్చ పడే అవకాశం ఎక్కువ. పైన ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటే ఇంకా.

ఇంత చదివాక అసలు తమాషా ఎదురైంది. 1872లో డార్విన్ మొహంలోని హావభావాల మీద రాసిన పుస్తకంలో ఇక్కడి కండరాలని దుఃఖపు కండరాలన్నాడు. కొన్నేళ్లకి జర్మన్ సైకియాట్రిస్టు షూలే, విషాదంలో ఉన్నవాళ్ల కనుబొమల మధ్య ముడతల్లో గ్రీకు ఒమేగా అక్షరాన్ని చూశాడు. అంటే నేను అందం కోసం చెరిపేసుకుందామనుకున్న గీత, ఆ రోజుల్లో డాక్టర్లు రోగాన్ని చదువుకునే అక్షరం. నా ఫారంలో అడ్డగీత కొట్టి దాచింది నా నుదుటి మీద రాసే ఉంది!

మరి అక్షరం చెరిపితే రోగం తగ్గుతుందా? 2006లో ఎరిక్ ఫింజీ పదిమంది డిప్రెషన్ పేషెంట్ల నుదుట ఈ ఇంజక్షన్ వేసి, రెండు నెలలకి తొమ్మిదిమంది బయటపడ్డారని రాశాడు. 2012లో స్విట్జర్లాండు, జర్మనీ డాక్టర్లు 30 మంది మీద పరీక్ష చేశారు. మందులకి లొంగని డిప్రెషన్ వాళ్లది. మందులకి తోడుగా సగంమందికి బోటాక్స్, సగంమందికి ఉత్త నీళ్లలాంటి ఇంజక్షన్. ఆరు వారాలకి మొదటివాళ్ల లక్షణాలు సగటున 47 శాతం తగ్గాయి, రెండోవాళ్లవి 9 శాతం. నాకు ఇందులో కావలసిన ముక్క "తోడుగా" అన్నదే. నేను భయపడి దాచిన జంటని వాళ్లు కావాలని కలిపి చూశారు.

ఫలితాన్ని మాత్రం నేను పూర్తిగా నమ్మను. నుదురు కదలకపోతే అద్దంలో తెలిసిపోదూ, తనకి దొరికింది ఏదో? తర్వాత ఇంకా పెద్దగా చేసిన పరీక్షలో ఫలితం అంత గట్టిగా నిలబడలేదు, డిప్రెషన్‌కి ఈ ఇంజక్షన్‌ని ఎఫ్‌డీఏ ఆమోదించనూ లేదు.

నిజంగా ప్రాణాల మీదకి వచ్చిన కథ వేరే ఉంది, అందులో మాత్రల పాత్ర లేదు. 2004 నవంబరులో ఫ్లోరిడాలో నలుగురు ముడతల ఇంజక్షన్ చేయించుకుని కాళ్లూ చేతులూ పడిపోయి ఆస్పత్రిపాలయ్యారు. వాళ్లకి ఎక్కించింది బోటాక్స్ కాదు, ప్రయోగశాలల కోసం అమ్మే ముడి విషం. ఇంజక్షన్ ఇచ్చిన మనిషి కూడా ఆ నలుగురిలో ఒకడు. అప్పట్నుంచీ ఎవరైనా "సగం ధరకే" అంటే నాకు కెర్నర్ సాసేజ్ గుర్తొస్తుంది.

రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను, అదే క్లినిక్‌కి. గడిలో మాత్ర పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నానో రాశాను. కొంచెం పెద్ద అక్షరాలతోనే రాశాననుకుంటాను. డాక్టరుగారు చదివి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "ఆస్పిరిన్, చేపనూనె గుళికలు ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. లేదన్నాను. కండరాల జబ్బులేమైనా ఉన్నాయా, గర్భం అనుకుంటున్నారా? లేదు. "మాత్ర ఆపారా ఈమధ్య?" ఆపాలా అన్నాను. "అయ్యో, వద్దండీ. దీనికోసం కొంతమంది వాళ్లంతట వాళ్లే మానేసి, తల తిరిగి, నిద్రపట్టక, మళ్లీ మొదటికొచ్చి కూర్చుంటారు. వేసుకుంటూనే రండి. నీలంగా కమిలితే కంగారుపడొద్దు, వారంలో పోతుంది."

ఎదురుగా అద్దం ఇచ్చి, కనుబొమలు గట్టిగా ముడవమన్నారు, ఎక్కడ గుర్తులు పెట్టాలో చూడ్డానికి. ముడిచాను. "ఇంకా," అన్నారు.