మన్ననూరు ఘాటు మీద ఆగిన బండి

ఆ ట్యూబు ముక్క మంటల ఎవరేసిన్రు? తియ్యిన్రి, తియ్యిన్రి. కట్టెతోని బయటికి లాగు బిడ్డా. చలిమంటకు ఎండుకట్టెలు సాలవా? రబ్బరు కాలిన వాసన ముక్కుకు తగిలితె ఇప్పటికీ నా కాలు బ్రేకు మీదికి పోతది.

పొద్దున చెప్పినవ్ గదా చిన్నోడా, పట్నం నుంచి వస్తుంటె కార్ల గిదే వాసనొచ్చిందని, ఆగి చూస్తె ఏం కానరాలేదని, మళ్ల అట్లనే నడుపుకుంట వచ్చినవని. అప్పటిసంది నా మనసు మనసుల లేదు. దగ్గరికి జరుగు, ఒక ముచ్చట చెప్త.

1983. రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడు. నేనప్పుడు ఒక సేటు దగ్గర అంబాసిడర్ నడుపుతున్న. శివరాత్రి రద్దీ తగ్గినంక ఇంటోళ్లందరిని శ్రీశైలం తీస్కపొమ్మన్నడు. సేటు, సేటమ్మ, ముగ్గురు పిల్లలు, డిక్కీ నిండ సామాన్లు. కల్వకుర్తి దాటినమో లేదో కీచుమని సప్పుడు, ఆ ఎనకాలనే ఈ వాసన. ఆపి బానెట్ లేపిన. ఫ్యాన్ బెల్టు పక్కలు అద్దం లెక్క మెరుస్తున్నయ్. పక్కలు నున్నగైనయంటె అది పుల్లీల మీద జారుతున్నట్టు. జారితె రాపిడి, రాపిడికి వేడి, ఆ వేడికి రబ్బరు కమురుతది.

అంబాసిడర్‌ల ఉన్నదే ఒక్క బెల్టు. ఇంజన్ కింది పుల్లీ తిరిగితె, నీళ్ల పంపును, దానికే బిగిచ్చిన ఫ్యాన్‌ను, పక్కన డైనమోను అన్నిటిని అదే తిప్పుతది. తెగిందంటె బ్యాటరీకి చార్జింగ్ ఎక్కది, రేడియేటర్ల నీళ్లు మసులుతయ్. అందుకే డిక్కీల ఇంకో బెల్టు లేకుంట నేను గడప దాటకపోతుంటి.

కొత్తది ఏసిన. డైనమో బోల్టులు వదులు చేసి, రాడ్డు పెట్టి ఎత్తి బిగిచ్చిన. బెల్టు నడుమ బొటనవేలుతోని ఒత్తితె అరంగుళం దిగాలె, అది లెక్క. నేనేమొ జారుతుంది గదా అని ఇంకింత గుంజిన. ఇనుప కమ్మి మీద ఏలు పెట్టినట్టు తాకింది. అది నా తప్పే. అట్ల బిగిస్తె ఆ గుంజుడంత పోయి బేరింగుల మీద పడుతది.

డిండి దాటినం. మన్ననూరు దాటి ఘాటెక్కుతుంటె మళ్ల అదే వాసన. ఈసారి బానెట్ సందులకెళ్లి సన్నగ పొగ. సేటు ఎనకకెళ్లి "పోనియ్, పోనియ్, అడవిల చీకటి పడుతది" అంటున్నడు. నేను ఆపి ఇంజన్ బంద్ చేసిన. కార్ల పసిపిల్లలున్నరు, నేనెట్ల పోనిస్త?

మా ఉస్తాదు చెప్తుండె, బెల్టు కాలితె దాన్ని తిరగనియ్యకుంట ఆపుతున్నదేందో ముందుగాల చూడమని. ఇంజన్ సల్లారేదాక కూసున్న. బెల్టు తీసేసి ఒక్కొక్క పుల్లీని చేతితోని తిప్పిన. డైనమో మెత్తగ తిరిగింది. ఫ్యాన్ రెక్కలు పట్టి తిప్పితె గరగరమని, ఇసుక నమిలినట్టు, సగం తిరిగి ఆగింది. ముందుకు ఎనకకు ఆడిస్తె లొడలొడ ఊగింది. పంపు కింద చిన్న తొర్ర ఉంటది, ఆడ ఏలు పెట్టిన. తడి. ఏలికి తుప్పు అంటుకున్నది. లోపల సీలు పోయింది, నీళ్లు బేరింగుల దిగినయ్, బేరింగు పట్టేసింది. పుల్లీ తిరగకపోతె దాని మీద బెల్టు రాసుకోక ఏం చేస్తది? మొదటిసారి ఆపినప్పుడే ఫ్యాన్ పట్టి ఒక్కసారి తిప్పి చూస్తె దొరుకుతుండె. బెల్టు మారిస్తె రోగం పోయిందనుకున్న.

సేటోళ్లను ఆర్టీసీ బస్సెక్కిచ్చి, నేను ఇంజన్ బంద్ పెట్టే, బ్రేకు మీద కాలుంచి మెల్లగ మన్ననూరుకు దిగిన. తెల్లారి రాణిగంజ్ నుంచి కొత్త పంపు బస్సుల వచ్చింది. నీళ్లు దించి, ఫ్యాన్ ఇప్పి, పాత గాస్కెట్‌ను బ్లేడుతోని గీకి, కొత్తదానికి గ్రీజు రాసి, బోల్టులు ఒక్కొక్కటే కొంచెం కొంచెం బిగిచ్చిన. బెల్టుకు మల్ల అరంగుళమే.

అన్ని కమురు వాసనలు ఒక్కతీరుగుండయ్ బిడ్డా. ఎక్కుడుల క్లచ్ మీద కాలుంచితె క్లచ్ ప్లేటు కమురుతది. హ్యాండ్ బ్రేకు పూర్తిగ దించకుంట పోతె చక్రం కాలుతది. చక్రానికి చెయ్యి దగ్గర పెట్టు, తాకకు, సెగ తెలుస్తది. బరువెక్కువైతె టైరు మడ్‌గార్డుకు రాసుకుంటది. ఆయిలు కారి బెల్టు మీద పడ్డా జారుతది, ఆ కారుడు ఆపకుంట ఎన్ని బెల్టులు మార్చినా దండుగ. గని ముక్కు మండి కండ్లెంట నీళ్లొచ్చినయంటె అది వైరు. అప్పుడు ఎదుకుకుంట కూసోవద్దు. బంద్ చేసి, మనుషులను దించి, బ్యాటరీ వైరు ఊడబీకు.

నీ కార్ల ఒక్క పొడుగు బెల్టే ఏసీ కంప్రెసర్‌ను గూడ తిప్పుతది. ఏసీ వేస్తేనే వాసనొచ్చిందా, బంద్ పెట్టినా వచ్చిందా అని పొద్దున అడిగితె నువ్వు యాదికి లేదంటివి. ఏసీతోనే వస్తె ముందు ఆ కంప్రెసర్‌నే చూడాలె.

రేపు పొద్దుగాల ఇంజన్ సల్లగున్నప్పుడు లేపుదాం బానెట్. నువ్వు టార్చి పట్టు, నేను ఏలు పెట్టి చూస్త. ఇటియ్యి, ఆ చాబి ఈ రాత్రి నా దగ్గరనే ఉండని.