తిరగలి దగ్గర తొలి పాఠం
దక్కను ముస్లిం తల్లులు, శిశుశిక్షణ – ఒక చారిత్రక పరిశీలన

దక్కను పీఠభూమిలో ఇస్లాం ఎలా వేళ్లూనుకొన్నదన్న ప్రశ్నకు చరిత్ర గ్రంథాలు సాధారణంగా రెండు సమాధానాలు చెబుతాయి. సుల్తానుల పరిపాలన ఒకటి, సూఫీ మహనీయుల ప్రబోధం మరొకటి. రెండింటిలోనూ సత్యం లేకపోలేదు. అయితే ఒక సుల్తాను ఒక కోటను జయించగలడే గాని, ఆ కోట నీడన పుట్టిన పసిబిడ్డ నోట ‘బిస్మిల్లాహ్’ పలికించలేడు. ఒక పీరు తన ఖాన్‌ఖాహ్‌లో మురీదులకు ఎంత బోధించినా, ఆ మురీదు ఇంట్లో ఊయలలో ఉన్న బిడ్డ దాకా ఆ మాట దానంతట అది నడిచి వెళ్లదు. దానిని మోసుకుపోయిన వారు వేరే ఉన్నారు. వారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి నారాయణఖేడ్ ప్రాంతం చాలా అనువైనది. ఇది ఇప్పుడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. అయితే 1956 నవంబరు 1కి ముందు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో భాగమన్న సంగతి నేటి తరంలో చాలా మందికి తెలియదు. రాష్ట్రాల పునర్విభజన సందర్భంగా బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, నారాయణఖేడ్, జహీరాబాదు ప్రాంతాలు ఆంధ్ర ప్రదేశ్‌లో కలిశాయి. ఆ విధంగా తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ నాలుగూ ఒకే సంతలో వినిపించే సరిహద్దు నేల ఇది. ఇక్కడి ముస్లిం కుటుంబాల పూర్వ చరిత్రను తెలుసుకోవాలంటే హైదరాబాదు కంటె ముందు బీదరు వైపు చూడాలి.

బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ (1422–1436) గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చాడు. 1472లో మంత్రి మహమూద్ గవాన్ అక్కడ నిర్మించిన మద్రసా ఆనాటి విద్యాలోకంలో పేరు గాంచింది. ఇరాన్ నుండి, అరబ్బు దేశాల నుండి పండితులు వచ్చి పాఠాలు చెప్పారు. 1696లో తుపాకి మందు పేలి సగం కూలిపోయినా, మిగిలిన గోడల మీది రంగుపలకలు నేటికీ చూపరులను ఆకట్టుకొంటున్నాయి. గొప్ప సంస్థే, సందేహం లేదు. కాని అక్కడి బోధన అరబీ, ఫార్సీ భాషలలో సాగింది. మంజీరా పరీవాహకంలోని ఊళ్లలో జొన్నచేలలో కూలి చేసుకొనే వారి బిడ్డకు ఆ ద్వారం ఎంత ఎత్తైనదో, అంత దూరమైనది కూడా. అతడు ముసల్మానుగా పెరిగాడంటే, ఆ పెంపకం మరెక్కడో జరిగి ఉండాలి.

ఎక్కడ జరిగిందో దక్కనీ సాహిత్యమే చెబుతున్నది.

అరబీ, ఫార్సీ రాని సామాన్యులకు ధర్మజ్ఞానం అందాలంటే వారి భాషలోనే చెప్పాలన్న భావన బీజాపూరు చిష్తీ సూఫీలలో చాలా ముందుగానే కలిగింది. పదిహేనవ శతాబ్ది చివరి నాటి షా మీరాంజీ షమ్సుల్ ఉష్షాఖ్ దక్కనీలో వ్రాయడానికి కారణం ఇదేనని తానే చెప్పుకొన్నారు. ఆయన ‘ఖుష్ నామా’లో కథానాయిక ఖుష్ అనే బాలిక. ఆనాటి ధార్మిక రచనలో ఒక ఆడపిల్లను కేంద్రంగా నిలపడం చిన్న విషయం కాదు. ఆ తరువాత రెండు శతాబ్దాలలో ఈ సంప్రదాయం మరింత క్రిందికి దిగి, గ్రంథం నుండి గొంతుకు చేరింది. చక్కీనామా, చర్ఖానామా, లోరీనామా అన్న పేర్లతో చిన్న చిన్న పాటలు పుట్టాయి. చక్కీ అంటే తిరగలి. నారాయణఖేడ్ వైపు దానినే ఇసుర్రాయి అంటారు. చర్ఖా అంటే రాట్నం. లోరీ అంటే జోలపాట. పేర్లను బట్టే అవి ఎవరి కోసం వ్రాసినవో తెలుస్తున్నది. పదిహేడవ శతాబ్ది బీజాపూరు సూఫీల రచనలలో ఇవి కనిపిస్తాయి. గుల్బర్గా ఖ్వాజా బందానవాజ్ (రహ్మ) పేరు మీద కూడా ఒక చక్కీనామా ప్రచారంలో ఉన్నది గాని, అది ఆయన రచనేనని పండితులందరూ అంగీకరించలేదు.

తిరగలి పనిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. పిండిమరలు రాకముందు ఏ పూట రొట్టెకు ఆ పూట జొన్నలు విసరవలసిందే. తెల్లవారక ముందే లేచి, క్రింది రాతి చుట్టూ గుడ్డ పరచి, పిడికెడు పిడికెడుగా గింజలు పోస్తూ, పిడి పట్టుకొని త్రిప్పాలి. బరువైన పని. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడిని చెరొక చేతితో త్రిప్పితే కొంత తేలిక. చంటిబిడ్డ ఉన్న తల్లి బిడ్డను తొడ మీద పడుకోబెట్టుకొనే విసిరేది. రాయి గరగర, తల్లి ఒంటి ఊపు, పాట మూడూ కలిసి ఆ బిడ్డకు నిద్ర. హిందువుల ఇళ్లలోనూ ఇదే పని, ఇదే వేళ. తెలుగులో తిరగలి పాటలు, మరాఠీలో జాత్యావరచ్యా ఓవ్యా అన్న పాటలు ఇలాగే పుట్టాయి. సూఫీలు క్రొత్త వేదికను సృష్టించలేదు. ఉన్న వేదికను గుర్తించారు.

ఆ పాటలలో ఏమున్నది? తిరగలి పిడి నిటారుగా నిలబడి ఉంటుంది. అది అలిఫ్ అక్షరం, అంటే అల్లాహ్ నామానికి మొదటి అక్షరం. రెండు రాళ్లనూ పట్టి నిలిపే నడిమి ఇరుసు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) వారిని సూచిస్తుంది. రాయి తిరిగే ప్రతి చుట్టుకూ అల్లాహ్ నామస్మరణ. చదువురాని తల్లి తన చేతిలోని పనిముట్టునే అక్షరమాలగా మార్చుకొన్నది. రాట్నం పాటలో నూలు తీయడం, శ్వాస తీయడం, జిక్ర్ మూడూ ఒకటిగా సాగుతాయి. వీటిలో తౌహీద్ గురించిన తర్కం లేదు, ఫిఖ్‌హ్ చర్చ లేదు. దేవుడు ఒక్కడు, ఆయనకు ఒక ప్రవక్త ఉన్నారు, పని చేస్తూ కూడా ఆయనను తలచుకోవచ్చు అన్న మూడు మాటలే ఉన్నాయి. మూడేళ్ల బిడ్డకు అంతకంటె ఎక్కువ పట్టదు కూడా.

అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఈ పాటలపై 1974లో ఒక వ్యాసం, 1978లో బీజాపూరు సూఫీల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. హైదరాబాదులో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారా–ఎ–అదబియాత్–ఎ–ఉర్దూ వంటి చోట్ల భద్రపరచిన వ్రాతప్రతులు ఆయనకు ఆధారమయ్యాయి. ఆయన వాదం సూటిగా చెప్పుకోవచ్చు: దక్కను గ్రామాలలో ఇస్లామీయ భావాలు వ్యాపించిన ప్రధాన మార్గం స్త్రీలు, ఎందుకంటే బిడ్డలను పెంచేది వారు. సూఫీ పాట స్త్రీ నోటికి చేరితే చాలు. తరువాతి తరానికి దానంతట అదే చేరుతుంది. ఇది ఒక రోజులో జరిగిన మతాంతరం కాదు, తరాల మీదుగా జరిగిన పెంపకం. ‘కత్తి’ సిద్ధాంతాన్ని పదే పదే వల్లించే వారికి ఇంతకంటె మంచి జవాబు లేదు. ఆశ్చర్యమేమంటే, ఆ జవాబును మనమే మన పిల్లలకు చెప్పలేదు.

దక్కను ముస్లిం కుటుంబాలలో ‘బిస్మిల్లా’ వేడుక ఒకటి ఉన్నది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాక ఉస్తాదు ముందు కూర్చోబెట్టి మొదటి పాఠం చెప్పిస్తారు. ఇది షరీఅత్ విధి కాదు, ఆచారం మాత్రమే. అయినా దానిలో ఒక లెక్క ఉన్నది. ఆ రోజు వరకు ఉస్తాదుకు బిడ్డ మీద అధికారం లేదు. దివ్య ఖుర్ఆన్ పాలిచ్చే కాలాన్ని రెండేళ్లుగా పేర్కొన్నది; అది గడిచాక కూడా ఇంకో రెండేళ్ల పైచిలుకు బిడ్డ తల్లి చేతిలోనే. మాట, నడక, భయం, ధైర్యం, పంచుకొని తినడం, పెద్దలకు సలాం చెప్పడం అన్నీ ఉస్తాదును చేరకముందే ఏర్పడతాయి. ఉస్తాదు చేతికి వచ్చేది ఖాళీ పలక కాదు. తల్లి చేతివ్రాత ఉన్న పలక.

ఈ మాటను నేటి శాస్త్రం మరొక దారిలో చెబుతున్నది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పుట్టి మూడు రోజులైనా నిండని శిశువుల నోటికి పాలపీక వంటి సాధనం ఇచ్చి పరీక్షించారు. ఒక విధంగా చప్పరిస్తే తల్లి గొంతు, మరొక విధంగా చప్పరిస్తే పరస్త్రీ గొంతు వినిపించే ఏర్పాటు. శిశువులు తమ చప్పరింపును మార్చుకొని మరీ తల్లి గొంతునే కోరుకొన్నారు. గర్భంలో ఉండగానే ఆ గొంతు వారికి పరిచయమన్నమాట. ఏడో నెల గర్భంతో తిరగలి త్రిప్పిన దక్కను తల్లి పాట వృథా పోలేదు.

ఇస్లామీయ విద్యా చరిత్ర అంతటా ఇదే దారం కనిపిస్తుంది. ఇమాం షాఫిఈ (రహ్మ) క్రీ.శ. 767లో గాజాలో జన్మించారు. తండ్రి పోగా, రెండేళ్ల బిడ్డను తల్లి మక్కాకు తీసుకొని వచ్చింది. ఉస్తాదుకు ఇవ్వడానికి ఆమె వద్ద పైకం లేదు. ఇతర పిల్లలను కనిపెట్టి చూసే పనికి బదులుగా ఆ బాలుడికి పాఠం దొరికింది. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) తండ్రి కూడా చిన్నతనంలోనే మరణించారు. హదీసు వినాలన్న ఆత్రంతో తెల్లవారక ముందే బయలుదేరబోతే, అజాన్ అయ్యేవరకు తల్లి తన బట్టలు పట్టుకొని ఆపేదని ఆయనే తరువాత చెప్పారు. బిడ్డను చదువు వైపు నెట్టే చేయి, చీకటిలో వెళ్లకుండా ఆపే చేయి ఒక్కటే. కూఫా పండితుడు సుఫ్యాన్ సౌరీ (రహ్మ) తల్లి నూలు వడికి కుమారుని చదివించింది. నీవు విద్య చూసుకో, నీ పోషణ నా కదురు చూసుకొంటుందన్నదట. కూఫాలో కదురు, దక్కనులో రాట్నం. మధ్య తొమ్మిది వందల ఏళ్లు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. చక్కీనామాలలో అంతా నిర్మలమైన బోధే కాదు. అల్లాహ్, ప్రవక్తల (సల్లం) తరువాత పీరు స్తుతి వస్తుంది. కొన్ని చోట్ల ఆ స్తుతి హద్దు దాటి, దర్గా మీద భక్తిని తౌహీద్ సరసన నిలిపేంత దూరం పోతుంది. తల్లి పాటలో వచ్చినదంతా బిడ్డ ఒకే విశ్వాసంతో స్వీకరిస్తాడు. జల్లెడ పట్టడం అతనికి తెలియదు. అందువల్ల తల్లి పెంపకం ఎంత శక్తిమంతమో, తల్లికి సరైన జ్ఞానం లేకపోతే అంత ప్రమాదకరం కూడా. తల్లిని పొగడి, ఆమెను చదివించకుండా వదిలివేసిన సమాజాలు ఈ రెండవ సగాన్ని మరచిపోయాయి.

పందొమ్మిదవ శతాబ్దంలో ఉర్దూ సంస్కర్తలు దీనిని గ్రహించారు. 1874లో అల్తాఫ్ హుసేన్ హాలీ ‘మజాలిసున్నిసా’ వ్రాశాడు. అందులో చదువుకొన్న ఒక తల్లి తన కుమారుణ్ణి ఎలా తీర్చిదిద్దిందో కథగా సాగుతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ ‘బహిష్తీ జేవర్’ను ప్రత్యేకంగా స్త్రీల కోసమే రచించారు. చక్కీనామా వ్రాసిన సూఫీకీ, దర్గా ఆచారాలను ఖండించిన థానవీకీ అభిప్రాయాలలో చాలా దూరం. అయినా ఇద్దరూ తట్టిన తలుపు ఒక్కటే. హైదరాబాదు నగరంలో 1907లో మహబూబియా బాలికల పాఠశాల, 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జా స్థాపించిన సఫ్దరియా పాఠశాల వెలిశాయి. నగరం దాటి తాలూకాలకు ఆ వెలుగు చేరడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా రెండు మార్పులు జరిగాయి. పిండిమర వచ్చింది. స్త్రీల నడుములకు అది మేలే చేసింది. ఆ బరువును తిరిగి కోరుకొనే వారెవరూ ఉండరు. కాని తిరగలి ఆగిపోవడంతో పాటకు వేళ లేకుండా పోయింది. జోలపాట మిగిలింది, చక్కీనామా వ్రాతప్రతులకు పరిమితమైంది. ఇక 1956 తరువాత నారాయణఖేడ్ తెలుగు రాష్ట్రంలో కలిసింది. నిజాం కాలంలో రాజభాషగా ఉన్న ఉర్దూ స్థానంలో కచేరీలకు, బడులకు తెలుగు వచ్చింది. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు నేర్చిన తరాలు పెరిగాయి. తల్లి చెప్పిన కలిమా దక్కనీ మాటల మధ్య చెవిన పడింది. దాని భావాన్ని పుస్తకంలో చదివింది తెలుగులో. ఇస్లామీయ సాహిత్యాన్ని తెలుగులో కోరుకొనే పాఠకులు ఇటువంటి ఇళ్ల నుండే అధికంగా వచ్చారు.

హైదరాబాదు వ్రాతప్రతుల మీద సూఫీ గురువు పేరు ఉంటుంది, కొన్నిటి మీద నకలు వ్రాసిన లేఖకుడి పేరు కూడా. పాడిన స్త్రీ పేరు ఉండదు. ఒకే పాట ప్రతికీ ప్రతికీ కొంత మారి ఉండడం మాత్రం కనిపిస్తుంది: ఒక చరణం ఎక్కువ, ఒక మాట తక్కువ, ఒక పోలిక వేరు. లేఖకుల పొరపాట్లని వాటిని త్రోసిపుచ్చడం సులభం. కాని నోటి మీద బ్రతికిన పాట విషయంలో, ఏదో ఊళ్లో ఏదో తల్లి తన బిడ్డకు అర్థమయ్యేలా మార్చుకొన్న మాటలు వాటిలో కొన్నైనా ఉండి ఉంటాయి.