ఆబీ నాటకశాల: ఒక ఊరి తగవు

మన నాటకాన్ని గురించి ఎక్కడ సభ జరిగినా రెండు ఫిర్యాదులు తప్పక వినిపిస్తాయి. మంచి నాటకాలు రావడం లేదని నటులు అంటారు. నాటకం చూసే జనం లేరని రచయితలు అంటారు. కొంతసేపు ఒకరినొకరు తప్పుపట్టుకున్న మీదట ఇద్దరూ కలిసి సినిమాను తిట్టి ఇళ్ళకు పోతారు. కళాశాలలో నేను నాటక సాహిత్యం పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులూ ఇదే ప్రశ్నను మరో రూపంలో అడుగుతారు: నాటకం ముందు పుట్టాలా, ప్రేక్షకులు ముందు పుట్టాలా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు, ఇది వాదించి తేల్చగలిగిన విషయం కాదు. కాని ఈ రెండూ ఒకేసారి, ఒకే ఊళ్ళో, ఒకే కప్పు కింద పుట్టిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. అటువంటి చోటు ఒకటి డబ్లిన్‌లోని ఆబీ నాటకశాల. దాని కథను మనవాళ్ళు తరచుగా యేట్స్ అనే మహాకవి కథగా చెప్పుకుంటారు. అది సగం నిజమే. మిగతా సగం చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐర్లండు మనలాగే బ్రిటిషు పాలన కింద నలిగిన దేశం. పందొమ్మిదో శతాబ్దం చివర డబ్లిన్‌లో నాటకశాలలకు కొదవలేదు. అయితే వాటిలో ఎక్కువగా ఆడేవి ఇంగ్లండు నుంచి వచ్చే కంపెనీల నాటకాలు. రంగస్థలం మీద ఐరిష్‌వాడు కనిపిస్తే తాగి నవ్వించే విదూషకుడుగానే కనిపించేవాడు. ఈ స్థితిని మార్చాలని యేట్స్, లేడీ గ్రెగరీ, ఎడ్వర్డ్ మార్టిన్ 1897లో ఆలోచన చేశారు. 1899 మే నెలలో వారి ‘ఐరిష్ లిటరరీ థియేటర్’ మొదటి నాటకాలు ఆడింది. ఆశయం ఐరిష్‌ది, నాటకాలు ఐరిష్‌వి, నటులు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు! కవులూ జమీందారీ కుటుంబాలవారూ కలిసి జాతీయ నాటకం కావాలనుకున్నారు గాని, దాన్ని ఆడవలసిన మనుషులు తమ ఊళ్ళోనే ఉన్నారని వారికి ఇంకా తోచలేదు. మూడేళ్ళలో ఆ ప్రయత్నం ముగిసిపోయింది.

ఆ మనుషులను చూపించినవాళ్ళు ఫే సోదరులు. అన్న ఫ్రాంక్ ఫే గుమాస్తా. తమ్ముడు విలియం ఫే విద్యుత్తు పని చేసే కార్మికుడు. దుకాణాలలో, ఆఫీసులలో పగలంతా పనిచేసే యువతీయువకులను చేరదీసి వాళ్ళు సాయంత్రాలు నాటకాలు నేర్పేవారు. తెచ్చిపెట్టుకున్న హావభావాలు అక్కర్లేదనీ, మాట్లాడే మనిషి మీద చూపు నిలవాలంటే మిగతావాళ్ళు కదలకుండా నిలబడాలనీ ఈ బృందం చెప్పింది. 1902 ఏప్రిల్‌లో సెయింట్ టెరీసా హాలులో వీరు రెండు కొత్త నాటకాలు ఆడారు. ఒకటి జార్జి రసెల్ రాసిన ‘డీర్‌డ్రా’. రెండవది యేట్స్ పేరు మీద వచ్చిన ‘కాథలీన్ ని హూలిహన్’. ఈ రెండవ నాటకంలో ఎక్కువభాగం లేడీ గ్రెగరీ చేతి రాత అని తరువాతి పరిశోధకులు చూపించారు. ముసలి స్త్రీ రూపంలో వచ్చిన మాతృదేశం పెళ్ళి కావలసిన కుర్రవాణ్ణి పోరాటానికి పిలుచుకుపోతుంది. ఆ పాత్ర ధరించినది జాతీయోద్యమ నాయకురాలు మాడ్ గాన్. కవి దగ్గర మాట ఉంది, గుమాస్తా దగ్గర గొంతు ఉంది, ఊరి దగ్గర ఆవేదన ఉంది. మూడూ ఒకచోట కలిసేసరికి నాటకం పుట్టింది.

ఇక్కడ మన తెలుగు దేశానికి సంబంధించిన ఒక మనిషిని చెప్పుకోవాలి. ఆయన జేమ్స్ కజిన్స్. 1902 అక్టోబరులో ఫే బృందం ఆడిన నాటకాలలో ఈయనవి రెండున్నాయి. ఆ తరువాత ఆయన ‘సోల్డ్’ అనే హాస్యనాటకం రాస్తే, అది నాసిరకమని యేట్స్ అడ్డుపెట్టాడు. కజిన్స్ ఆ బృందానికి దూరమయ్యాడు. 1915లో అనీబిసెంటు పిలుపు మీద మద్రాసు వచ్చి ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరాడు. 1916లో డబ్లిన్ తిరుగుబాటు నాయకులను మెచ్చుకుంటూ రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అటు తరువాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి ప్రిన్సిపాలు అయ్యాడు. 1919లో ఠాగూరు అక్కడ బసచేసి ‘జనగణమన’ను ఇంగ్లీషు చేసినదీ, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం కట్టడానికి తోడ్పడినదీ మనకు తెలిసినదే. ఆబీ పుట్టుకకు ముందే అందులోంచి తప్పుకున్న రచయిత ఒకడు మన రాయలసీమలో పాఠాలు చెప్పాడన్నమాట. కొత్త రచయితలను పెంచుతామని పుట్టిన సంస్థ మొదటి ఏడాదే ఒక రచయితను పోగొట్టుకుంది. ఆ నాటకం మంచిదా చెడ్డదా అన్నది కాదు ముఖ్యం. ఎవరి అభిరుచి మీద నిర్ణయం జరగాలి? ఈ ప్రశ్న ఆబీని చివరిదాకా వదలలేదు.

1903లో బృందం ‘ఐరిష్ నేషనల్ థియేటర్ సొసైటీ’ అయింది. ఏ నాటకం ఆడాలో సభ్యులు ఓటు వేసి తేల్చుకునేవారు. సంపన్నురాలైన ఇంగ్లీషు స్త్రీ అనీ హార్నిమన్, తేయాకు వ్యాపారం చేసిన కుటుంబంలోది, డబ్బు పెట్టి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ హాలునూ, దాని పక్కనున్న పాత శవాగారాన్నీ కలిపి నాటకశాలగా మార్పించింది. అదే ఆబీ. 562 మంది కూర్చునే చిన్న హాలు. 1904 డిసెంబరు 27న తెరుచుకుంది. సొంత ఇల్లు దొరికింది గాని, దానికి అద్దె మరో రూపంలో కట్టవలసివచ్చింది. ఆరు పెన్నీల చవక టిక్కెట్టు ఉండకూడదని హార్నిమన్ షరతు పెట్టింది. జాతీయ నాటకశాల అని పేరు, కూలివాడికి చోటు లేదు! పత్రికలలో విమర్శ వచ్చింది, తరువాత ఆ టిక్కెట్టు తిరిగి వచ్చింది. 1905లో నటులకు జీతాలు ఏర్పడ్డాయి, సొసైటీ కంపెనీగా మారింది, అధికారం యేట్స్, గ్రెగరీ, సింజ్ అనే ముగ్గురు డైరెక్టర్ల చేతికి పోయింది. ఓటు పోయిందని కొందరు నటులు విడిపోయి వేరే బృందం పెట్టుకున్నారు. జీతం ఇచ్చి ఓటు తీసుకోవడం ఒక్క నాటకశాలలోనే జరిగే పని కాదు గనక, ఈ ఘట్టాన్ని అభ్యుదయవాదులు జాగ్రత్తగా చదవాలి.

పోతే, ఆబీ చరిత్రలో అందరూ చెప్పుకునే ఘట్టం 1907 జనవరి 26 నాటిది. ఆ రాత్రి సింజ్ నాటకం ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ మొదటిసారి ఆడింది. తండ్రిని చంపానని చెప్పుకుంటూ వచ్చిన కుర్రవాణ్ణి ఒక పల్లె జనం వీరుడిగా నెత్తికెత్తుకుంటారు. తండ్రి చావలేదని తెలిసి, కుర్రవాడు వాళ్ళ కళ్ళముందే మళ్ళీ కొట్టబోయేసరికి ఆ జనమే ఎదురుతిరుగుతారు. కథలో ఉన్న చేష్టకూ కళ్ళముందు జరిగే చేష్టకూ ఉన్న దూరం అది. ఆడవాళ్ళ లోదుస్తు పేరు ఒకటి వినిపించగానే హాలు గోల అయింది. ఐరిష్ రైతును అవమానించారని జాతీయవాదులు వారమంతా అల్లరి చేశారు. డైరెక్టర్లు పోలీసులను పిలిపించారు.

మనం ఎవరి పక్షాన ఉండాలి? సింజ్ పక్షాన ఉండడం నేడు సులువు. నాటకం గొప్పదని కాలం తేల్చింది. కాని అల్లరి చేసినవాళ్ళు మూర్ఖులు కారు. శతాబ్దాలపాటు తమను విదూషకులుగా చూపించిన రంగస్థలం మీద, తమ సొంత నాటకశాల కూడా తమను హంతకుణ్ణి పూజించేవాళ్ళుగా చూపిస్తే నొప్పి కలగదా? ఆ నొప్పికి జవాబుగా సామ్రాజ్యం పోలీసులను లోపలికి రప్పించడం యేట్స్ చేసిన తప్పు. అయితే ఆయన మరో పని కూడా చేశాడు. ఫిబ్రవరి 4న అదే హాలులో బహిరంగ చర్చ పెట్టి, తిట్టదలచుకున్నవాళ్ళందరినీ రమ్మన్నాడు. తానూ వేదికెక్కి జవాబు చెప్పాడు. పోలీసులతో పోగొట్టుకున్న సంబంధాన్ని చర్చతో కొంతైనా తిరిగి సంపాదించాడు. 1909లో లండన్‌లో నిషేధానికి గురైన బెర్నార్డ్ షా నాటకాన్ని డబ్లిన్ కోట అధికారుల బెదిరింపును లెక్కచేయకుండా ఆబీ ఆడినప్పుడు, అదే ఊరు దాని వెనక నిలబడింది.

ఈ సందర్భంలో మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం కూడా రంగస్థలం మీద పేదవాణ్ణి మచ్చలేని మనిషిగా చూడాలనే కోరుకుంటాం. కూలివాడు అబద్ధమాడితే, రైతు పిరికివాడైతే వర్గాన్ని అవమానించారని విమర్శ రాస్తాం. 1907లో డబ్లిన్ జాతీయవాదులు దేశభక్తి పేర చేసింది మనం ప్రజల పేర చేస్తున్నాం.

ఆబీకీ దాని ఊరికీ ఉన్న సంబంధం మాటల సంబంధం మాత్రమే కాదు. 1913 మే 17న అక్కడ ఠాగూరు ‘పోస్టాఫీసు’ నాటకం ఆడితే, అది పాట్రిక్ పియర్స్ నడిపే పాఠశాల సహాయార్థం జరిగింది. అదే పియర్స్ మూడేళ్ళ తరువాత తిరుగుబాటుకు నాయకుడై కాల్చివేతకు గురయ్యాడు. 1916 ఏప్రిల్ 24న తిరుగుబాటు మొదలైన రోజునే చనిపోయిన షాన్ కానలీ ఆబీ నటుడు. నటి హెలెనా మొలొనీ, నటుడు ఆర్థర్ షీల్డ్స్ ఆ పోరాటంలో ఉన్నారు. తరువాత ఐర్లండు జాతీయగీతమైన పాటకు మాటలు రాసిన పీడర్ కార్నీ అక్కడ రంగసామగ్రి చూసుకునే పనివాడు. టిక్కెట్లు చూసేవాడి నుంచి తెర లాగేవాడి దాకా ఊరి మనుషులు పనిచేసిన చోటు గనక అట్లా జరిగింది.

ఇక నా దృష్టిలో ఈ చరిత్రకు ప్రాణమైన ఘట్టం షాన్ ఓకేసీది. ఆయన డబ్లిన్ మురికివాడల మనిషి, రోడ్డు పనులు, రైల్వే కూలిపనులు చేసినవాడు, 1913 కార్మిక పోరాటం నుంచి వచ్చినవాడు. నాటకాలు రాసి ఆబీకి పంపాడు, తిరిగి వచ్చాయి. మళ్ళీ పంపాడు, మళ్ళీ తిరిగి వచ్చాయి. అయితే ఉత్త చేతులతో తిరిగి రాలేదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ లేదో చెప్పే అభిప్రాయాలతో వచ్చాయి. ఆయన బలం పాత్రచిత్రణలో ఉందని గ్రహించి చెప్పినది డెబ్బయ్యవ పడిలో ఉన్న లేడీ గ్రెగరీ. 1923లో ‘ది షాడో ఆఫ్ ఎ గన్‌మన్’, 1924లో ‘జూనో అండ్ ది పేకాక్’ వచ్చాయి. హాలు నిండింది, అప్పుల్లో ఉన్న నాటకశాల తెప్పరిల్లింది. నలభై మూడేళ్ళ వయసులో మొదటి నాటకం ఆడించుకున్న కూలివాడు ఆబీని నిలబెట్టాడు. కొత్త రచయితను పెంచడమంటే ఇదే. బహుమతి ఇచ్చి పంపడం కాదు, తిరస్కరించినా వదలకపోవడం.

1925లో కొత్త ప్రభుత్వం ఆబీకి ఏడాదికి 850 పౌండ్ల సహాయం ఇచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో ప్రభుత్వ సహాయం పొందిన మొదటి నాటకశాల ఇదే. మరుసటి ఏడాది ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’ వచ్చింది. 1916 తిరుగుబాటును వీరుల వైపు నుంచి కాక మురికివాడ మెట్ల మీది నుంచి చూపిన నాటకం అది. ప్రభుత్వం నియమించిన డైరెక్టరు అభ్యంతరాలు చెప్పినప్పుడు, సహాయం పోయినా సరే, స్వేచ్ఛ పోకూడదని లేడీ గ్రెగరీ పట్టుబట్టింది. తిరుగుబాటులో చనిపోయినవారి తల్లులూ, భార్యలూ హాలులో నిలబడి నిరసించారు. వాళ్ళ దుఃఖం నిజం. స్వరాజ్యం వచ్చాక మురికివాడకు ఒరిగిందేమిటన్న ఓకేసీ ప్రశ్న కూడా నిజం. ఆ రెండు నిజాలూ ఎదురెదురుగా నిలబడడానికి ఊళ్ళో ఒక చోటు ఉండడమే ఆబీ సాధించిన విజయం.

కాని 1928లో ఓకేసీ యుద్ధాన్ని నిరసిస్తూ ‘ది సిల్వర్ టాసీ’ రాసి పంపితే ఆబీ తిప్పికొట్టింది. లోగడ యేట్స్ కజిన్స్‌తో చేసిందే ఇప్పుడు తన నాటకశాలను నిలబెట్టినవాడితో చేశాడు. అప్పటికే లండన్‌లో ఉంటున్న ఓకేసీ తెగతెంపులు చేసుకున్నాడు. 1935లో ఆబీ ఆ నాటకాన్ని ఆడింది గాని, రచయిత తిరిగి రాలేదు. 1951లో పాత హాలు కాలిపోయింది, 1966లో కొత్త భవనం లేచింది, ఆబీ నేటికీ నడుస్తున్నది. కాని మొదటి ఇరవై ఏళ్ళలో ఉన్న వేడి మళ్ళీ అంతగా రాలేదని నా అభిప్రాయం. భవనం కాలడానికి చాలా ముందే, నచ్చని నాటకాన్ని కూడా తన రచయితదిగా చూసే ఓపిక చల్లారిపోయింది.

మనకు ఈ అనుభవం బొత్తిగా కొత్తది కాదు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదట ఆడినప్పుడు రచయిత, నటులు, నాటకంలోని లోకం అన్నీ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశాడు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళాలు పల్లెలకు తీసుకుపోయినప్పుడు, చూసేవాళ్ళ తగవే నాటకంలోని తగవు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా అందుకే. ఆ తరువాత మన నాటకం పోటీల పరిషత్తులకు అలవాటుపడింది. పరిషత్తులు ఎందరో నటులను నిలబెట్టాయి, కాదనను. కాని పోటీలో నాటకం చూసేది న్యాయనిర్ణేత. నాటకం ఒక ఊళ్ళో పుట్టి, మరో ఊళ్ళో ఆడి, బహుమతి పుచ్చుకుని పెట్టెలోకి పోతుంది. తన మీద తానే రాసుకున్న నాటకాన్ని చూసి ఊరు కోప్పడే అవకాశం లేదు.

కనుక నా విద్యార్థులకు నేను చెప్పే జవాబు ఇది. నాటకం ముందా, ప్రేక్షకులు ముందా అని అడగవద్దు. మీ ఊళ్ళో సాయంత్రాలు తీరిక ఉన్న ఏడెనిమిది మందిని చూడండి. గుమాస్తా అయినా, విద్యుత్తు పనివాడైనా సరే. ఊళ్ళో రాసేవాణ్ణి ఒకణ్ణి పట్టుకోండి. అతని నాటకం బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పి మళ్ళీ రాయమనండి. కూలివాడు కొనగలిగిన టిక్కెట్టు పెట్టండి. నాటకం అయ్యాక దీపాలు ఆర్పకండి. ఎవరికైనా కోపం వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ కోపం ఏమిటో వినండి.