పట్టికలకు చుట్టరికము కలిపిన గణితవేత్త

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున, ఐ.బి.ఎం. సంస్థవారి పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయ గణితవేత్త 1970 జూన్ నెలలో ప్రకటించిన 11 పుటల వ్యాసము, నేడు లోకమున బ్యాంకుల, ఆసుపత్రుల, రైల్వేల లెక్కలను భరించుచున్న డేటాబేసులలో అధికభాగమునకు పునాది యైనది.

అంతకుమున్ను సమాచారము శాఖోపశాఖలుగానో, ఒక రికార్డునుండి మఱొక రికార్డునకు దారిచూపు సూచికలతోనో అమర్చబడి యుండెడిది. సరఫరాదారుని క్రింద అతని సరుకులను పేర్చిన పిదప, ఫలాని సరుకు నెవరెవరిత్తురని యెవరైన నడిగినచో, ప్రోగ్రామరు ఆ శాఖలన్నింటిని గాలించుటకు వేఱొక ప్రోగ్రాము వ్రాయవలసివచ్చెడిది. అమరిక మాఱెనా, ఆ శ్రమయు వ్యర్థమే. 1973లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిన చార్లెస్ బాక్‌మన్ తన ఉపన్యాసమున ప్రోగ్రామరును నావికుడనియే వర్ణించెను.

కాడ్ ఆ దారులనే తొలగించెను. ఒక పట్టికలో 4వ సంఖ్య గల సరఫరాదారుని పేరును ఊరును ఒక్కమాఱే వ్రాసి, వేఱొక పట్టికలో ఆ 4వ సంఖ్య యెదుటనే మేకులకొక వరుసయు బోల్టులకొక వరుసయు వ్రాసితిమనుకొందము. రెండింటిని జాయిన్ చేసినంతనే సమానసంఖ్యలు జతకూడి, ఆ రెండు వరుసలకును పేరును ఊరును వచ్చి చేరును. అతడు ఊరు మాఱినచో దిద్దవలసినది ఒక్కచోటనే. మేకుల నెవరిత్తురని ప్రశ్నను తిరుగవేసినను ఆ పట్టికలే బదులు చెప్పును. ఇంతవఱకు ఏ సరుకును ఇయ్యనివాడు ఇట్టి కలయికలో కానరాడు. వానిని విడువక ఖాళీగడులతో నిలుపు ఔటర్ జాయిన్‌ను సైతము కాడ్ 1979 నాటి తన వ్యాసమున చర్చించెను.

కాడ్ తొలుత ప్రకటించిన ఈ పట్టికల పద్ధతి వినుటకు సొంపేగాని యంత్రమున మందగించునని ఆనాడు పలువురు శంకించిరి. ఆ శంకకు సమాధానము ఆ పద్ధతిని యంత్రమున నడిపిచూపుటకు ఐ.బి.ఎం.వారు చేపట్టిన సిస్టమ్ ఆర్ అను ప్రయత్నమున లభించెను. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారలు నేటి ఎస్‌.క్యూ.ఎల్‌.కు మూలమైన ప్రశ్నాభాషను వెలయించిరి. 1979లో పాట్రీషియా సెలింజర్ బృందము, ఏ పట్టికను ముందు చదువవలెనో, వరుసవరుసగా వెదకుట మేలో, రెండింటిని క్రమముగా పేర్చి సరిచూచుట మేలో, ఖర్చును అంచనావేసి యంత్రమే నిర్ణయించు విధానమును ప్రకటించెను.

1981లో కాడ్‌నకు ట్యూరింగ్ పురస్కారము లభించుట ఎంతయు న్యాయ్యము. లెక్క వ్రాసినవాడు కలనైన నూహింపని ప్రశ్నకు, పిమ్మట వచ్చినవాడు ఆ లెక్కలనుండియే బదులు రాబట్టగల స్వాతంత్ర్యమును ఆయన సామాన్యునకు సమకూర్చెను.