సానుభూతి అనే మాట వెనక

సభ్యుడు మరణించాక వచ్చే ఉప ఎన్నికలో అతని భార్య నిలబడితే, ఆమెను చరిత్రకెక్కించే మాట ఒకటే: 'సానుభూతి'. కథల్లో, నవలల్లో వితంతు పాత్రల గురించి చదువుతూ వచ్చిన నాకు ఈ మాట ఎప్పుడూ గుచ్చుకుంటుంది. భర్త పోయిన స్త్రీని పేరంటానికి పిలవడానికి వెనకాడే సమాజమే ఆమెను ప్రచార రథమెక్కించి ఊరూరా తిప్పుతుంది.

ఖాళీ అయిన స్థానానికి ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలంటుంది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్. దుఃఖానికి అంత గడువు కూడా దొరకదు. దుబ్బాక శాసనసభ్యుడు సోలిపేట రామలింగారెడ్డి 2020 ఆగస్టులో మరణించారు. నవంబరు 3న పోలింగ్. మూడు నెలలు నిండకుండానే ఓట్లడగాల్సి వచ్చిన ఆయన భార్య సుజాత 1,079 ఓట్ల తేడాతో ఓడిపోయారు. సానుభూతే గెలిపిస్తుందన్న సూత్రం అక్కడ నిలవలేదు.

బద్వేలు శాసనసభ్యుడు డాక్టర్ వెంకటసుబ్బయ్య 2021 మార్చిలో మరణించారు. ఉప ఎన్నికలో నిలబడిన ఆయన భార్య దాసరి సుధ కూడా డాక్టరే. తెలుగుదేశం, జనసేన పోటీ నుంచి తప్పుకున్నాయి. ఆమెకు 90,533 ఓట్ల మెజారిటీ వచ్చింది. ఆ మర్యాద పోయినాయన కుటుంబానికి చేసిందే తప్ప, ఆమెను సాటి రాజకీయ నాయకురాలిగా గుర్తించి చేసింది కాదు. 2024లో ఆ పార్టీలే బీజేపీతో కూటమిగా ఎదురు నిలిచాయి. రాష్ట్రం మొత్తం మీద వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 స్థానాలే దక్కిన ఆ ఎన్నికల్లోనూ సుధ గెలిచారు.

మొదటి గెలుపుకి సానుభూతి అని పేరు పెట్టాం. మరి రెండోదానికి? టికెట్ భర్త వల్లే వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత ఆమె నడిచిన దారిని కూడా ఆయన ఖాతాలోనే రాసేస్తే, అది ఆమె లోపం కాదు, మనం రాసే చరిత్ర లోపం.